కొత్త ఫోర్కు స్టీరర్ ట్యూబు: గీత ఎక్కడ గీయాలి, ఎలా కోయాలి

జయపురంలో మా వీధి చివర ఒక వెల్డింగ్ షాపు ఉంది. కిందటి ఏడాది సైకిలు ముందు చక్రాన్ని పట్టుకునే కొత్త ఫోర్కు తీసుకుని, దాని స్టీరర్ గొట్టం పొడవు తగ్గించుకుందామని అక్కడికి వెళ్తే, షాపు పెద్దాయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కోయడం నాకు రెండు నిమిషాల పని బాబూ. ఎక్కడ కోయాలో గీత గీసి తీసుకురా” అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ పనిలో కష్టమంతా ఆ గీత దగ్గరే ఉంది. రంపం పట్టడం ఎవరైనా ఒక గంటలో నేర్చుకోవచ్చు. గీత తప్పితే మాత్రం ఎంత పనిమంతుడైనా తెగిన ముక్కను తిరిగి అతికించలేడు.

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల్లో ఉండే మనలాంటి వాళ్లకు ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ అవసరం. గేర్ల సైకిలుకు మంచి సామాను కావాలంటే విశాఖపట్నం నుంచి తెప్పించుకోవాలి, లేదా కొరియర్ కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. పైగా మనం తిరిగేవి ఘాట్ రోడ్లు. కొరాపుట్ నుంచి జయపురం దిగేటప్పుడు గానీ, సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు దిగేటప్పుడు గానీ ముందు బ్రేకు నొక్కిన ప్రతిసారీ శరీరం బరువులో పెద్ద భాగం హ్యాండిల్ మీద, దాని కింద ఉన్న ఈ గొట్టం మీద పడుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ ఫోర్కు ఏ రకమో చూసుకోండి

ఫోర్కు రెండు కాళ్ల పైన కిరీటంలా ఉండే భాగం నుంచి నిలువుగా లేచి, ఫ్రేము ముందున్న హెడ్ ట్యూబులోంచి పైకి వచ్చే గొట్టమే స్టీరర్ ట్యూబు. పాలవాళ్లు, పోస్టుమాన్లు వాడే పాత నల్ల సైకిళ్లలో ఈ గొట్టం పైభాగానికి మరలు ఉంటాయి. వాటికి హ్యాండిల్ కాడ గొట్టం లోపలికి దిగుతుంది. అలాంటి ఫోర్కు మీదైతే ఈ వ్యాసం ప్రకారం కోయకండి. పైనుంచి కోస్తే ముందు పోయేవి మరలే. సరిపడే పొడవు ఫోర్కు అడిగి కొనుక్కోవడమే దానికి మార్గం.

గొట్టం పైదాకా నున్నగా ఉండి, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ బయటి నుంచి గొట్టాన్ని కౌగిలించుకుంటే అది మరలు లేని రకం. ఇప్పటి గేర్ల సైకిళ్లలో ఎక్కువ భాగం ఇవే. పైభాగం వ్యాసం సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు. కొన్నిటిలో గొట్టం కిందికి వచ్చేసరికి లావెక్కుతుంది, కానీ కోసేది పైభాగమే కాబట్టి పద్ధతి మారదు. కంపెనీవాళ్లు ఏ ఫ్రేముకైనా సరిపోవాలని గొట్టాన్ని కావాలనే పొడుగ్గా వదిలి పంపుతారు. మన ఫ్రేముకు తగ్గట్టు కోసుకునే పని మనది.

గొట్టం ఇనుమా, అల్యూమినియమా, కార్బనా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం. లోపలి అంచు నల్లగా, నేతలాగా పొరలు పొరలుగా కనిపిస్తే కార్బన్. కార్బన్‌కు నియమాలు వేరు, వాటిని చివర్లో చెబుతాను.

కావలసిన సామాను

హాక్సా ఫ్రేము, అంగుళానికి 32 పళ్లున్న కొత్త బ్లేడు, ఒక చదును ఆకురాయి, ఒక గుండ్రటి లేదా అర్ధచంద్రాకారపు ఆకురాయి, అలెన్ కీలు, సుత్తి, గ్రీజు, సన్న మొన మార్కరు, స్టీలు స్కేలు. వెర్నియర్ ఉంటే మరీ మంచిది. హార్డ్‌వేరు షాపులో అడక్కుండా చేతికిచ్చేది తరచూ 18 లేదా 24 పళ్ల బ్లేడు. పలచని గొట్టం గోడకు అది పనికిరాదు. ఒకే సమయంలో కనీసం మూడు పళ్లు లోహం మీద ఆనుతూ ఉండాలి. లేకపోతే పన్ను గోడకు తట్టుకుని లాగేస్తుంది, విరుగుతుంది కూడా.

రంపం నిటారుగా నడవడానికి దుకాణాల్లో ప్రత్యేకమైన గైడ్లు దొరుకుతాయి. అవి లేకపోయినా ఫరవాలేదు. పంపుసెట్ల షాపులో పైపులు బిగించే హోస్ క్లిప్పులు రెండు కొనండి. గీతకు అటొకటి ఇటొకటి బిగించి మధ్యలో బ్లేడు మందమంత సందు వదిలితే అదే గైడు. పాత స్టెమ్ ఒకటి పడి ఉంటే ఇంకా మేలు. దాన్ని గీత దగ్గర బిగించి, దాని అంచు వెంట బ్లేడు నడపవచ్చు. ఆ అంచు మీద గాట్లు పడతాయి కాబట్టి వాడుకలో ఉన్న స్టెమ్‌ను దీనికి పెట్టకండి.

గీతకు ముందు మొత్తం అమర్చి చూడాలి

తొందరపడి పాత ఫోర్కును కొత్తదాని పక్కన పెట్టి కొలత దింపేసేవారున్నారు. హెడ్‌సెట్ (హెడ్ ట్యూబు బేరింగుల సెట్టు), స్టెమ్, స్పేసర్లు (స్టెమ్ కిందా పైనా పెట్టే ఉంగరాలు) అన్నీ పాతవే వాడితేనే ఆ కొలత నిజం. అప్పుడు కూడా కింద క్రౌన్ రేసు, అంటే కింది బేరింగు ఆనే ఉంగరం, కూర్చునే అంచు నుంచే కొలవాలి. ఆ పాత కొలతను లెక్క సరిచూసుకోవడానికి మాత్రమే వాడుకోండి.

నేను నమ్మే పద్ధతి సైకిలు మీదే అమర్చి గీయడం. మొదట క్రౌన్ రేసును ఫోర్కు కిరీటం మీద పూర్తిగా కూర్చోబెట్టాలి. చీలిక ఉన్న రేసు చేత్తోనే దిగుతుంది. చీలిక లేనిదాన్ని, దాని అంచుకు సరిపోయే ఒక గొట్టం పైన పెట్టి చుట్టూ సమంగా తడుతూ దించాలి. దిగాక చుట్టూ వెలుతురుకు పెట్టి చూడండి. ఎక్కడా వెంట్రుకంత సందు కూడా కనిపించకూడదు. తర్వాత గ్రీజు రాసిన కింది బేరింగు, ఫోర్కును హెడ్ ట్యూబులోకి ఎక్కించడం, పై బేరింగు, దాన్ని గొట్టానికి బిగించి పట్టే చీలిక ఉంగరం, దానిపై దుమ్ము మూత, ఆపైన స్పేసర్లు, చివరగా స్టెమ్. ఇవన్నీ ఈ వరసలో ఎక్కించాలి.

ఒక్కటి మరిచిపోయినా కొలత ఎలా మారుతుందో నా అనుభవం చెబుతాను. మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఆ దుమ్ము మూత గ్రీజు పూసిన గుడ్డ కింద ఉండిపోయింది. మూత లేకుండానే స్టెమ్ ఎక్కించి గీత గీశాను, కోశాను. శంకువులా ఉండే ఆ మూత ఎత్తు 8 మిల్లీమీటర్లు. అమర్చేటప్పుడు మూత బయటపడింది. దాన్ని పెట్టగానే స్టెమ్ 8 మిల్లీమీటర్లు పైకి జరిగింది. గొట్టం అంచు స్టెమ్ పై అంచుకు 3 మిల్లీమీటర్ల కింద ఉండాల్సింది 11 మిల్లీమీటర్ల కింద ఉండిపోయింది. స్టెమ్ పై బోల్టు వెనక పట్టుకోవడానికి లోహమే లేదు. ఆ సైకిలును అలాగే ఘాట్ దింపి ఉంటే ఏం జరిగేదో తలచుకోవడానికే ఇష్టం లేదు. ఒక స్పేసరు తీసేసి సరిచేశాను కానీ హ్యాండిల్ కిందికి దిగింది. నెలల తరబడి మెడ నొప్పి అనుభవించాను.

క్రౌన్ రేసు సరిగా కూర్చోకపోతే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఫోర్కు కాస్త కిందికి వేలాడుతుంది, గొట్టం పైన తక్కువగా కనిపిస్తుంది, గీత పైకి పోతుంది. తర్వాత రేసు కూర్చున్నాక గొట్టం పొడవు ఎక్కువై, స్టెమ్ పైన బోల్టుతో బిగించే టాప్ క్యాప్‌కు తగులుతుంది. దీన్ని సరిచేయవచ్చు. పొట్టిగా కోసినదాన్ని సరిచేయలేం.

హ్యాండిల్ ఎత్తు నిర్ణయం, తొందరొద్దు

కొత్త ఫోర్కు ఎత్తు పాతదానికంటే తేడాగా ఉంటే, కోసిన పొడవు ఒకటే అయినా హ్యాండిల్ ఎత్తు మారిపోతుంది. ఆ తేడా మనకు కాగితం మీద తెలియదు, నడుముకు తెలుస్తుంది. కాబట్టి మొదటిసారి మీకు కావాలనుకున్న ఎత్తుకంటే 15, 20 మిల్లీమీటర్లు పొడుగ్గానే ఉంచి కోయండి. స్టెమ్ కింద అవసరమనిపించినన్ని స్పేసర్లు పెట్టి, మిగిలిన పొడవుకు స్టెమ్ పైన స్పేసర్లు పేర్చండి. స్పేసర్లు 2, 3, 5, 10, 20 మిల్లీమీటర్ల మందాల్లో దొరుకుతాయి. అందం కోసం ఈ అదనపు పొడవు తీసేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. నెల రోజులు తిరిగాక, దేవమాలి వైపో సెమిలిగూడ వైపో ఒక పెద్ద ఎక్కుడు ఎక్కాక, చేతులు, మెడ, నడుము ఏ ఎత్తు కోరుతున్నాయో స్పష్టంగా తెలుస్తుంది. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ. ఆ దారిలో గంటలసేపు కూర్చున్న భంగిమ చెప్పేది ఇంటి ముందు రెండు చక్కర్లు కొడితే తెలియదు. రెండోసారి కోయడానికి పట్టేది అరగంటే.

గీత

అన్నీ ఎక్కించాక స్టెమ్‌ను రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి, సందులన్నీ మూసుకున్నాయని చూసుకుని, స్టెమ్ బోల్టులు కొద్దిగా బిగించండి. పైన స్పేసర్లు ఉంచుకోదలచుకుంటే వాటినీ ఇప్పుడే ఎక్కించండి. అన్నిటికంటే పైనున్న దాని అంచు వెంట మార్కరుతో గొట్టం చుట్టూ గీయండి. ఇది కోసే గీత కాదు. కోసే గీత దీనికి 3 మిల్లీమీటర్లు కింద ఉండాలి. గొట్టం అంచు స్టెమ్ లేదా పై స్పేసరు అంచుకంటే అంత లోపలికి ఉంటేనే, టాప్ క్యాప్ బిగించినప్పుడు అది స్టెమ్‌ను నొక్కి బేరింగులను దగ్గరికి తెస్తుంది. గొట్టం పైకి వస్తే క్యాప్ దానికే ఆగిపోతుంది. ఎంత తిప్పినా హ్యాండిల్ లొడలొడ పోదు.

రెండు గీతలూ కనిపించేలా ఉంచి, పై గీత మీద అడ్డంగా చిన్న కొట్టివేత పెట్టండి. కోసే సమయానికి ఏది ఏ గీతో మరిచిపోవడం చాలా తేలిక.

ఇప్పుడు లెక్కతో సరిచూసుకోండి. ఉదాహరణకు కింది కప్పు, బేరింగు కలిసి 12, హెడ్ ట్యూబు 140, పై బేరింగు, మూత కలిసి 14, స్పేసర్లు 20, స్టెమ్ ఎత్తు 40 మిల్లీమీటర్లు అనుకుందాం. మొత్తం 226. అందులో 3 తీసేస్తే 223. ఫోర్కును బయటికి తీసి, క్రౌన్ రేసు కూర్చునే అంచు నుంచి మీ గీత దాకా స్కేలు పెట్టి కొలిస్తే 223 దగ్గర రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కొలతలో వచ్చేదే. 5 మించి తేడా ఉంటే రంపం పక్కన పెట్టి ఏ భాగం మరిచారో వెతకండి.

గీత చుట్టూ సమంగా ఉండాలంటే ఒక తెల్ల కాగితం తిన్నని అంచును గొట్టానికి చుట్టండి. కాగితం తిరిగొచ్చి తన అంచు మీదే కచ్చితంగా పడితే అది నిటారు. ఆ అంచు వెంట గీయండి.

కోత

బెంచ్ వైసు ఉంటే దాని దవడల మధ్య, V ఆకారంలో గాడి తీసిన రెండు చెక్క ముక్కలు పెట్టి గొట్టాన్ని పట్టించండి. గట్టిగా నొక్కితే గొట్టం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది, ఆ తర్వాత స్టెమ్ ఎక్కదు. తిరగకుండా ఆగితే చాలు. వైసు లేకపోతే వెల్డింగ్ షాపుకే వెళ్లండి, కానీ గ్రైండరుతో కోయనివ్వకండి. మా పెద్దాయన కూడా మొదట గ్రైండరే చేతిలోకి తీసుకున్నారు. అల్యూమినియం ఇనుము కోసే చక్రానికి అంటుకుని దాని రంధ్రాలు మూసేస్తుంది. చక్రం వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది, కోత వంకర పోతుంది, గొట్టం వేడెక్కుతుంది. హాక్సా అడిగితే ఆయన నవ్వి, తన బల్ల మీద చోటిచ్చారు.

బ్లేడు పళ్లు ముందుకు చూసేలా బిగించండి. హాక్సా ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు బరువు తీసేయాలి. గీతకు పైవైపున, అంటే పారేసే ముక్క వైపున బ్లేడు పెట్టండి. బ్లేడు తన మందమంత లోహాన్ని పొడి చేస్తుంది, ఆ నష్టం పారేసే ముక్కదే కావాలి. అల్యూమినియానికి గీత మీద రెండు చుక్కలు కిరోసిన్ గానీ కుట్టుమిషన్ నూనె గానీ వేస్తే పొడి పళ్లకు అంటుకోదు. ఒకే వైపు నుంచి తెగేదాకా కోయకుండా, కొంత లోతు పోయాక గొట్టాన్ని పావు వంతు తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. అలా చుట్టూ గాడి పడితే బ్లేడు దారి తప్పదు. తెగబోయే ముందు శబ్దం మారుతుంది. కరకరమన్నది సన్నగా, ఖాళీగా వినిపిస్తుంది. అక్కడి నుంచి బరువు పూర్తిగా తగ్గించి, పారేసే ముక్కను ఎడమ చేత్తో పట్టుకోండి. లేకపోతే ముక్క తన బరువుకు వంగి చివరి అంచును చీల్చుకుంటూ పడుతుంది. సస్పెన్షన్ ఫోర్కు అయితే కాళ్లకు తడి గుడ్డ చుట్టి పెట్టండి, పొడి వాటి సీళ్లలోకి పోకూడదు.

కోత అంచును చదును ఆకురాయితో సమం చేయండి. తర్వాత బయటి అంచును వాలుగా, చుట్టూ సన్నగా రుద్దండి. లోపలి అంచును గుండ్రటి ఆకురాయితో రుద్దండి. వేలు కాకుండా గుడ్డ ముక్క చుట్టి అంచు మీద తిప్పండి. నూలు పోగు ఎక్కడా తట్టుకోకపోతే పని అయినట్టే. అంచు మీద ముల్లు మిగిలితే స్టెమ్ లోపలి గోడను గీసేస్తుంది.

ప్లంబర్ల పైపు కట్టరుతో ఇనుము, అల్యూమినియం కోయవచ్చు, కోత కూడా నిటారుగా వస్తుంది. అయితే అది అంచును బయటికి ఉబ్బిస్తుంది. ఆకురాయితో ఎక్కువసేపు రుద్దాల్సి వస్తుంది.

స్టార్ నట్ దించడం

ఇనుము, అల్యూమినియం గొట్టాల్లో స్టార్ నట్ ఉంటుంది. నక్షత్రం ఆకారంలో ఉండే రెండు స్ప్రింగు రేకులు, మధ్యలో టాప్ క్యాప్ బోల్టు ఎక్కే మరలున్న నట్. ఇది గొట్టం అంచు నుంచి సుమారు 15 మిల్లీమీటర్ల లోతుకు దిగాలి. రేకుల అంచులు పైకి వంగి ఉండాలి. పైకి లాగితే గోడలోకి గుచ్చుకునేది అప్పుడే. ప్రత్యేక పనిముట్టు లేకపోతే 6 మిల్లీమీటర్ల పొడుగు బోల్టును నట్‌లో నాలుగైదు చుట్లు ఎక్కించి, బోల్టు తల మీద సుత్తితో తట్టండి. ఫోర్కుకు చక్రం బిగించి టైరు నేల మీద ఆనించి చేస్తే దెబ్బను టైరు తీసుకుంటుంది. ఫోర్కు కాళ్లను సిమెంటు గచ్చు మీద ఆనించి కొట్టకండి. ప్రతి రెండు దెబ్బలకూ బోల్టును ముందు నుంచీ పక్క నుంచీ చూడండి, ఒరిగితే ఎదురు వైపు నెమ్మదిగా తట్టి నిలబెట్టండి. బోల్టు మీద ముందే లోతు గుర్తుకు టేపు చుట్టి ఉంచితే కొలవడం తేలిక.

బిగింపు

బేరింగులకు గ్రీజు పెట్టి అన్నీ మళ్లీ వరసగా ఎక్కించండి. టాప్ క్యాప్ బిగించే ముందు గొట్టం అంచు ఎంత లోపల ఉందో చూడండి. అగ్గిపుల్ల మందం కన్నా కాస్త ఎక్కువ సందు కనిపించాలి. స్టెమ్ బోల్టులు వదులుగా ఉంచి, టాప్ క్యాప్ బోల్టును కొద్దికొద్దిగా తిప్పండి. ముందు బ్రేకు పట్టి, చక్రాన్ని పక్కకు తిప్పి, హెడ్ ట్యూబు పై కప్పు దగ్గర వేలు పెట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. వేలికి టకటక తెలిస్తే ఇంకో పావు చుట్టు. తెలియకపోతే ఆగండి. ముందు చక్రం ఎత్తి పట్టుకుంటే హ్యాండిల్ తన బరువుకే అటూ ఇటూ తిరగాలి, మధ్యలో ఎక్కడా పట్టకూడదు.

టాప్ క్యాప్ బోల్టు పని బేరింగులను దగ్గరికి చేర్చడం వరకే. హ్యాండిల్‌ను పట్టుకునేవి స్టెమ్ పక్క బోల్టులు. చక్రానికి హ్యాండిల్ అడ్డంగా ఉందని చూసుకుని ఆ రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి బిగించండి. ఎంత బిగువు కావాలో స్టెమ్ మీదే అచ్చు వేసి ఉంటుంది, తరచూ 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. టార్క్ రెంచి లేకపోతే అరువు తెచ్చుకోండి. అతిగా బిగిస్తే మరలు తెగుతాయి, కార్బన్ అయితే గొట్టమే నలుగుతుంది.

లొడలొడ ఎంతకీ పోకపోతే గొట్టం క్యాప్‌కు తగులుతోందేమో చూడండి. అదే కారణమైతే పైన ఒక 3 లేదా 5 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే చాలు, మళ్లీ రంపం పట్టక్కర్లేదు.

కార్బన్ అయితే

కార్బన్‌కు పైపు కట్టరు, స్టార్ నట్, సుత్తి మూడూ నిషిద్ధం. గీత మీద టేపు గట్టిగా చుట్టి, 32 పళ్ల కొత్త బ్లేడుతో గానీ కార్బైడ్ గరుకు బ్లేడుతో గానీ ఒత్తిడి లేకుండా కోయాలి. చివర్లో గొట్టాన్ని తిప్పి ఎదురు నుంచి కోస్తే పోగులు చీలవు. ఆ నల్లపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, ఆరుబయట, తడి గుడ్డ పక్కన పెట్టుకుని చేయండి. అంచును సన్న ఉప్పు కాగితంతో బయటి నుంచి లోపలికి రుద్దండి.

లోపల కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పాండర్ ప్లగ్గునే వాడాలి. అది స్టెమ్ పట్టుకునే చోట గొట్టాన్ని లోపలి నుంచి నిలబెడుతుంది. స్టెమ్ పైన 5 మిల్లీమీటర్ల స్పేసరు ఉంచితే స్టెమ్ నిండు గొట్టాన్ని పట్టుకుంటుంది, కోసిన అంచు మీద ఒత్తిడి పడదు. స్టెమ్ కింద స్పేసర్లు ఎంత ఎత్తు దాకా పెట్టవచ్చో ఫోర్కుతో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాన్ని మించవద్దు. స్టెమ్ పట్టుకునే చోట గ్రీజు రాయకూడదు.

పొట్టిగా కోసేస్తే

స్టెమ్ రెండు బోల్టుల వెనకా గొట్టం నిండుగా ఉందా లేదా అన్నది మొదట చూడండి. లేకపోతే కింది స్పేసర్లు తీయండి. హ్యాండిల్ దిగిపోయిన ఎత్తును పైకి లేచే కోణమున్న స్టెమ్‌తో గానీ, చివరలు పైకి వంగిన హ్యాండిల్‌తో గానీ తిరిగి తెచ్చుకోవచ్చు. నా మొదటి ఫోర్కుకు నేను చివరికి అదే చేశాను. స్పేసర్లన్నీ తీసినా స్టెమ్ నిండకపోతే ఆ ఫోర్కును ఆ ఫ్రేముకు వాడకండి. హెడ్ ట్యూబు పొట్టిగా ఉన్న చిన్న ఫ్రేము ఉన్న వాళ్లెవరికైనా అది పనికొస్తుంది.

కొత్తగా కోసిన ఫోర్కుతో మొదటి 50 కిలోమీటర్లు చదును రోడ్డు మీదే తిరగండి. రేసు, బేరింగులు సర్దుకుని లొడలొడ మళ్లీ రావడం మామూలే. స్టెమ్ బోల్టులు వదులు చేసి, టాప్ క్యాప్‌ను పావు చుట్టు తిప్పి, మళ్లీ బిగించి, ఆ తర్వాతే ఘాట్ ఎక్కండి.